సపోర్ట్ ఉన్నట్టా, లేనట్టా? జీటీకే టూల్‌కిట్‌లో ప్లాట్‌ఫామ్‌ల పంచాయితీ

2025 మార్చిలో, యాప్‌లు రాయడానికి వాడే టూల్‌కిట్ జీటీకే 4.18 వెర్షన్ విడుదలైంది. లినక్స్ వాడేవాళ్లలో కూడా చాలామందికి ఈ పేరుతో పని పడదు. కానీ గ్నోమ్ డెస్క్‌టాప్‌లో వాళ్లు తెరిచే ఫైల్ మేనేజరు, సెట్టింగ్స్, టెక్స్ట్ ఎడిటరు అన్నీ దీని మీదే నడుస్తాయి. ఆ విడుదలలో రెండు విషయాలు పక్కపక్కనే వచ్చాయి. 1987 నాటి ఎక్స్11 విండో వ్యవస్థ మీద నడవడానికి ఉన్న కోడ్‌కు ‘డిప్రికేటెడ్’ (ముందుముందు పోతుంది, ఇక దీని మీద ఆధారపడకండి) అని ముద్ర వేశారు. ఆండ్రాయిడ్ మీద నడవడానికి కొత్త కోడ్‌ను ప్రయోగాత్మకంగా లోపలికి తీసుకున్నారు.

అంతే, గొడవ మొదలు. ఏళ్ల తరబడి వాడుతున్న మమ్మల్ని పక్కకు నెట్టి, ఎవరూ అడగని ఫోన్లను నెత్తికెక్కించుకుంటున్నారేమిటని ఒక వర్గం. పాత కోడ్‌ను చూసుకునే మనిషి లేనప్పుడు దాన్ని ఎన్నాళ్లని మోస్తామని ఇంకో వర్గం. ఇద్దరి మాటలోనూ నిజముంది. అసలు ఏ ప్లాట్‌ఫామ్‌కైనా ‘సపోర్ట్ ఉంది’ అన్నప్పుడు లోపల ఏం జరుగుతుందో చూస్తే తప్ప ఈ తగువు అర్థం కాదు.

ముందుగా టూల్‌కిట్ ఏం చేస్తుందో చూద్దాం. బటన్లు, మెనూలు, టెక్స్ట్ బాక్సులు ఇచ్చే సరంజామా అని క్లుప్తంగా చెప్పేస్తారు గానీ, దాని అసలు బరువు ఎక్కడుందో మన భాషలో ఒక్క అక్షరం చూస్తే తెలుస్తుంది. టెక్స్ట్ బాక్సులో ‘స్త్రీ’ అని టైపు చేయండి. కంటికి కనబడేది ఒక్కటే. కంప్యూటర్ దాచుకునేవి ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, చివర దీర్ఘం గుడి. వీటిని కలిపి సరైన ఒత్తులతో ఒకే రూపంగా గీయాలి. బాణం గుర్తు నొక్కితే కర్సర్ ఆ అక్షరం మధ్యలో ఇరుక్కోకుండా అవతలికి దూకాలి. బ్యాక్‌స్పేస్ కొడితే మొత్తం అక్షరం పోవాలా, చివరి గుడి మాత్రమే పోయి ‘స్త్ర’ మిగలాలా? జీటీకే వాడే పాంగో అనే టెక్స్ట్ లైబ్రరీలో దీనికి విడిగా నియమం ఉంది. లాటిన్, గ్రీకు లిపుల్లో అక్షరం మొత్తం పోతుంది, తెలుగులాంటి లిపుల్లో ఒక్కో కోడ్ చొప్పున పోతుంది. మనం టైపు చేసే తీరుకు ఇదే సుఖం. గుడి తప్పు పడితే గుడి ఒక్కటే చెరుపుకుంటాం, అక్షరం మొత్తం మళ్లీ కొట్టక్కర్లేదు.

ఇలాంటి వందల నిర్ణయాలను ఒక్కో యాప్ రాసేవాళ్లు విడిగా తీసుకోలేరు కాబట్టే టూల్‌కిట్ ఉంది. అక్కడ ఒక్క పొరపాటు దొర్లితే యాప్‌లన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో జరిగింది అదే. ‘జ్ఞా’ అక్షరంలో కంటికి కనబడని ఒక కోడ్ చేరిన రూపం మెసేజ్‌లో వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. తప్పు ఆ యాప్‌లది కాదు, అవన్నీ వాడుకునే యాపిల్ వారి టెక్స్ట్ వ్యవస్థది. ఐఓఎస్ 11.2.6 తో దాన్ని సరిచేశారు. తెలుగు లిపి ప్రపంచవ్యాప్తంగా వార్తల్లోకెక్కిన అరుదైన సందర్భాల్లో అదొకటి. మరీ గర్వపడే కారణంతో కాదనుకోండి.

ఇక ప్లాట్‌ఫామ్ సంగతి. జీటీకే లోపల జీడీకే అనే పొర ఉంటుంది. కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడేది అదే: ఒక విండో తెరువు, మౌస్ ఎక్కడుందో చెప్పు, ఏ మీట నొక్కారో చెప్పు, క్లిప్‌బోర్డులో ఏముందో ఇవ్వు. విండోస్‌తో మాట్లాడే కోడ్ వేరు, మ్యాక్‌తో వేరు, లినక్స్‌లో పాత ఎక్స్11 తో వేరు, కొత్త వేలాండ్‌తో వేరు. ఈ ఒక్కోదాన్ని బ్యాకెండ్ అంటారు. పైన యాప్ రాసేవాళ్లకు ఈ తేడాలేవీ కనబడకూడదు. ఒకసారి రాస్తే అన్నిచోట్లా నడవాలి.

కాగితం మీద బాగుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒక ప్లాట్‌ఫామ్‌లో ఉన్న సదుపాయం ఇంకోదానిలో లేనప్పుడు. దీనికి ఒక్క ఫంక్షన్ కథ చాలు.

జీటీకే 3 లో ‘విండో మూవ్’ అనే ఫంక్షన్ ఉండేది. తెర మీద ఫలానా చోట నా విండోను పెట్టు అని యాప్ అడగొచ్చు. ఎక్స్11 లో అది నడిచేది. నిజానికి ఎక్స్11 లో అంతకన్నా చాలా నడుస్తుంది. ఒక యాప్ పక్క యాప్ విండోలో ఏముందో చూడగలదు, మీరు వేరే విండోలో కొట్టే పాస్‌వర్డ్ మీటలను కూడా పట్టుకోగలదు. దాని మొదటి రూపం ఎమ్మైటీలో 1984 లో మొదలైంది, ఎక్స్11 దాని 1987 నాటి వెర్షన్. ఒకే సంస్థలోని మనుషులు, ఒకరి ప్రోగ్రాములను ఒకరు నమ్మే రోజులు. 2008 లో మొదలైన వేలాండ్ ఈ తలుపులన్నీ మూసేసింది. అక్కడ యాప్‌కు తన విండో తెర మీద ఎక్కడుందో కూడా తెలియదు. ఎక్కడ పెట్టాలో డెస్క్‌టాప్ నిర్ణయిస్తుంది. తెర మీది రంగును పట్టుకోవాలన్నా, స్క్రీన్‌షాట్ తీయాలన్నా యాప్ తనంత తానుగా చేయలేదు, డెస్క్‌టాప్‌ను అనుమతి అడగాలి.

మరి జీటీకే 4 ఏం చేయాలి? విండోస్‌లో, మ్యాక్‌లో విండోను జరపడం ఇప్పటికీ కుదురుతుంది. ఎక్స్11 లో కుదురుతుంది. వేలాండ్‌లో కుదరదు. ఫంక్షన్‌ను ఉంచితే, ఒకచోట పనిచేసి ఇంకోచోట నోరు మూసుకు కూర్చునే ఫంక్షన్ అవుతుంది. యాప్ రాసినవాడు తన కంప్యూటర్‌లో చూసుకుని బాగానే ఉందనుకుంటాడు, వాడేవాడి కంప్యూటర్‌లో నడవదు. తీసేస్తే, మూడు చోట్ల హాయిగా నడిచేదాన్ని నాలుగోదాని కోసం పోగొట్టుకున్నట్టు. 2020 డిసెంబర్‌లో వచ్చిన జీటీకే 4 తీసేయడానికే మొగ్గింది. కావాలంటే ఆయా ప్లాట్‌ఫామ్ ఫంక్షన్లను మీరే నేరుగా పిలుచుకోండి అంది. ఆ నిర్ణయం సరైనదే అని నా అభిప్రాయం. కాకపోతే రెండు మానిటర్లలో విండోలు సర్దుకుని పనిచేసేవాళ్లకు, వాళ్ల కోసం యాప్‌లు రాసేవాళ్లకు ఇది ఎంత చిరాకో ఒప్పుకుని తీరాలి. వేలాండ్ వైపు వాదించేవాళ్లలో కొందరు ఆ చిరాకును మూర్ఖత్వం కింద కొట్టిపారేస్తారు. వాదనలు ముదిరేది అక్కడే.

మెరుగుదల అని మనం అనుకునే ప్రతిదానికీ ఇలాంటి బిల్లు ఒకటి వస్తుంది. చాలావరకు ఆ బిల్లు వేరేవాళ్ల పేరున వస్తుంది.

బొమ్మ గీయడమే తీసుకోండి. జీటీకే 3 లో తెర మీద కనబడేదంతా కైరో అనే లైబ్రరీతో ప్రాసెసర్ గీసేది. జీటీకే 4 లో ఆ పని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించారు. ప్రతి బటన్, ప్రతి అక్షరం ముందు ఒక చిన్న వివరణగా మారి, ఆ వివరణల చెట్టును ఓపెన్‌జీఎల్ ద్వారానో వల్కన్ ద్వారానో (రెండూ కార్డుతో మాట్లాడే పద్ధతులు) కార్డు గీస్తుంది. వీడియోలు, యానిమేషన్లు మెత్తగా సాగుతాయి, 4కే తెరల మీద ప్రాసెసర్ చెమటోడ్చక్కర్లేదు. 2024 మార్చిలో 4.14 తో ఈ గీసే యంత్రాంగాన్ని మళ్లీ కొత్తగా రాశారు. తెర మీది వస్తువులను పెద్దవి చేసే 125 శాతం, 150 శాతం లాంటి మధ్యస్థ సైజులు కూడా సరిగ్గా కుదిరాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో 4.16 వచ్చేసరికి వేలాండ్ మీద వల్కన్ డిఫాల్ట్ అయింది.

ఇప్పుడు ఇదే మార్పును మ్యాక్ వైపు నుంచి చూడండి. ఓపెన్‌జీఎల్‌ను యాపిల్ 2018 లోనే, మొజావే వెర్షన్‌తో డిప్రికేట్ చేసింది. అక్కడ అది 4.1 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. వల్కన్ మ్యాక్‌లో నేరుగా లేదు, యాపిల్ సొంత పద్ధతి మెటల్ మీదుగా అనువదించుకుని వాడాలి. అంటే లినక్స్‌కు వరమైన కొత్త యంత్రాంగం మ్యాక్‌లో, యజమానే వదిలేసిన నేల మీద నిలబడాల్సి వచ్చింది. పాత పద్ధతిలో ప్రాసెసర్ గీసే రోజుల్లో ఈ గొడవే లేదు.

పాత లినక్స్ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు వచ్చిన బిల్లు ఇంకో రకం. 1366×768 తెర మీద అక్షరాలు పదునుగా కనబడటానికి ఒక పాత చిట్కా ఉంది. ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలను విడివిడిగా వాడుకుని అంచులు దిద్దడం. గ్రాఫిక్స్ కార్డు అక్షరాలను ముందే తయారుచేసి పెట్టుకుని, పారదర్శకమైన పొరల మీద అతికించే పద్ధతిలో ఈ చిట్కా కుదరదు. జీటీకే 4 దాన్ని వదిలేసింది. ఖరీదైన తెర ఉన్న డెవలపర్‌కు తేడా తెలియదు. పాత తెర ముందు రోజంతా కూర్చునేవాడికి అక్షరాలు మసకబారాయి. ఈ ఫిర్యాదులు ఏళ్ల తరబడి నడిచాయి. 4.16 లో అక్షరాలు గీసే తీరును ఎంచుకునే సెట్టింగ్ ఒకటి చేర్చారు గానీ, ఆ పాత రంగుల చిట్కా మాత్రం తిరిగి రాలేదు.

ఇదే పద్దులో మనకు లాభం వచ్చిన సందర్భం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. 2019 లో పాంగో 1.44 విడుదలైనప్పుడు, అక్షరాలను కూర్చే పనిని అన్ని ప్లాట్‌ఫామ్‌లలోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీకి అప్పగించారు. అంతకు ముందు విండోస్‌లో ఆ సిస్టమ్ పద్ధతి, మ్యాక్‌లో దాని పద్ధతి. ఒత్తులు, గుణింతాలు ఉన్న లిపులకు ఇది పెద్ద మార్పు. ఒకే ఫాంట్ పెడితే ‘స్త్రీ’ మూడు సిస్టమ్‌లలోనూ ఒకే కోడ్ దారిలో తయారవుతుంది. బగ్ దొరికితే ఒకచోట దిద్దితే చాలు. అయితే హార్ఫ్‌బజ్‌కు పాత బిట్‌మ్యాప్ ఫాంట్లతో, టైప్ 1 ఫాంట్లతో పొత్తు లేదు. కాబట్టి వాటికి సపోర్ట్ పోయింది. టెర్మినల్‌లో చుక్క చుక్కగా చెక్కిన ఫాంట్లను ప్రాణంగా చూసుకునే ప్రోగ్రామర్లు అప్‌డేట్ అయిన మర్నాడు ఖాళీ పెట్టెలు చూసి లబోదిబోమన్నారు. వాళ్ల బాధ నిజం. తెలుగు చదువుకునే నాలాంటివాడు ఆ వాదనలో ఏ వైపు ఉంటాడో వేరే చెప్పాలా?

ఇంతవరకూ కోడ్ గురించి. అసలు చిక్కు మనుషుల దగ్గర ఉంది.

ఒక బ్యాకెండ్ ఉంది అంటే అర్థం, ఆ కోడ్ సోర్స్‌లో ఉంది, కంపైల్ అవుతుంది అని. అంతవరకే. కోడ్‌లో ప్రతి మార్పు (ప్యాచ్) వచ్చినప్పుడు సర్వర్లు ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి చూస్తాయి. కానీ లాగి వదిలినప్పుడు ఫైల్ సరైన చోట పడిందా, రెండో మానిటర్‌లో మెనూ తెర బయటికి పోయిందా, టాబ్లెట్ పెన్ను ఒత్తిడి గుర్తిస్తుందా, ఇవి సర్వర్‌కు తెలియవు. ఆ యంత్రం ముందు ఒక మనిషి కూర్చోవాలి. బస్టాప్ బోర్డు పాతినంత మాత్రాన బస్సు వస్తుందనుకోకూడదు కదా, ఇదీ అంతే.

జీటీకేకు ఆ మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? ప్రధాన పని చేసేవాళ్లలో కొందరు రెడ్‌హ్యాట్ లాంటి లినక్స్ కంపెనీల్లో ఉద్యోగులు. వాళ్ల ముందున్నది లినక్స్, అందులోనూ వేలాండ్. విండోస్, మ్యాక్ బ్యాకెండ్లను ఎక్కువగా చూసుకునేది ఆ సిస్టమ్‌లలో తమ యాప్ నడవాలని కోరుకునే ఒకరిద్దరు ఔత్సాహికులు. వాళ్లకు ఉద్యోగం మారితే, పిల్లలు పుడితే, ఓపిక తగ్గితే ఆ బ్యాకెండ్ మెల్లగా వెనకబడుతుంది. జీటీకే 4 కోసం మ్యాక్ బ్యాకెండ్‌ను 2020 లో దాదాపు మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. అంతకు ముందున్నది కొత్త గ్రాఫిక్స్ పద్ధతికి పనికిరాలేదు.

క్యూట్ అనే ఇంకో టూల్‌కిట్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. దాని వెనక కంపెనీ ఉంది, లైసెన్సు డబ్బులు ఉన్నాయి. ఏ వెర్షన్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పరీక్షించామో పట్టిక ఇస్తారు. పట్టికలోంచి తీసేయాల్సి వస్తే తీసేస్తారు. 2020 లో క్యూట్ 6 వచ్చినప్పుడు విండోస్ 7 ను అలాగే వదిలేశారు. నచ్చినా నచ్చకపోయినా లెక్క స్పష్టం. స్వచ్ఛందంగా నడిచే ప్రాజెక్టులో అంత స్పష్టత ఉండదు. కోడ్ ఉంటుంది, బగ్‌ల జాబితా ఉంటుంది, జవాబు చెప్పే మనిషి ఉండొచ్చు, లేకపోవచ్చు.

దీనికి అన్నిటికన్నా కష్టం కలిగించే ఉదాహరణ చూపు లేనివాళ్ల సంగతి. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు, ఇది బటన్, ఇది టిక్ పెట్టిన పెట్టె అని టూల్‌కిట్టే చెప్పాలి. లినక్స్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడర్‌తో జీటీకే మాట్లాడుతుంది. ఓర్కా ఈస్పీక్ గొంతుతో తెలుగు కూడా చదువుతుంది. గొంతు కాస్త యాంత్రికంగా ఉంటుంది, కానీ పని జరుగుతుంది. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవారికి మాత్రం జీటీకే యాప్ దాదాపు ఒక మూగ పెట్టెలా ఉండేది. విండోస్ సపోర్ట్ ఉందని ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటున్న టూల్‌కిట్‌లో! ఆ సపోర్ట్‌లో చూపు లేని యూజర్ లెక్కలో లేడన్నమాట. ఇది కూడా 4.18 తోనే మారడం మొదలైంది. యాక్సెస్‌కిట్ అనే విడి ప్రాజెక్టు, ఒకే వివరణను విండోస్, మ్యాక్ భాషల్లోకి మార్చి ఇస్తుంది. దాన్ని జీటీకేకు కలిపారు. ఎక్స్11 గొడవలో పడి ఈ వార్తను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ విడుదలలో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే.

మళ్లీ ఎక్స్11 దగ్గరికి. డిప్రికేట్ చేశారంటే తీసేశారని కాదు. జీటీకే 4 ఉన్నంతకాలం ఆ కోడ్ ఉంటుంది. తీసేసేది తర్వాతి పెద్ద వెర్షన్, అంటే జీటీకే 5 లో. యాప్‌ను బ్రౌజర్‌లో చూపించే బ్రాడ్‌వే అనే బ్యాకెండ్‌కు కూడా అదే ముద్ర పడింది. ఇలా పోవడం కొత్త కాదు. డైరెక్ట్ఎఫ్‌బీ బ్యాకెండ్ జీటీకే 3 తో పోయింది, ఉబుంటు లినక్స్ కోసం వచ్చిన మిర్ బ్యాకెండ్ జీటీకే 4 లో లేదు. వాటికి ఇంత కన్నీరు కారలేదు, ఎందుకంటే వాడేవాళ్లు తక్కువ. ఎక్స్11 కు మాత్రం ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు ఉంది. దూరంగా ఉన్న సర్వర్‌లో ప్రోగ్రామ్ నడిపి దాని విండోను తమ తెర మీద చూసుకునేవాళ్లున్నారు. వేలాండ్ ఇంకా పూర్తిగా కుదురుకోని, లినక్స్‌లాంటివే అయిన బీఎస్‌డీ సిస్టమ్‌లు వాడేవాళ్లున్నారు. విండోలను స్క్రిప్టులతో ఆడించేవాళ్లున్నారు.

తెలుగు టైపు చేసేవాళ్ల భయం ఇంకోటి: వేలాండ్‌కు మారితే మన టైపింగ్ నడుస్తుందా అని. దానికి జవాబు మీరు ఏ పద్ధతి వాడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ అయితే కీబోర్డు పట్టికే కాబట్టి, వేలాండ్ కూడా అదే పట్టికను చదువుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ లాంటివాటికి మధ్యలో ఐబస్ లాంటి ప్రోగ్రామ్ కావాలి. వేలాండ్‌లో అది డెస్క్‌టాప్ ద్వారా మాట్లాడాలి. గ్నోమ్‌లో బాగానే సాగుతుంది. వేరే డెస్క్‌టాప్‌కు మారే ముందు మాత్రం నాలుగు వాక్యాలు కొట్టి చూసుకోండి.

ఆండ్రాయిడ్‌ను నెత్తికెక్కించుకున్నారన్న ఆరోపణకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది. ఎక్స్11 మనుషులను లాగి ఎవరూ ఆండ్రాయిడ్ మీద కూర్చోబెట్టలేదు. ఒక ఔత్సాహికుడు ఆ కోడ్ రాసుకొచ్చాడు, చూసుకుంటానన్నాడు, కలుపుకున్నారు. ఎక్స్11 వైపు అలాంటి మనిషి వచ్చి నిలబడితే వాదన వేరుగా సాగేది. ‘ఎంతమంది వాడుతున్నారో చూడండి’ అన్న మాట ఇలాంటి ప్రాజెక్టులో పెద్దగా పనిచేయదు. బగ్ దిద్దేది సంఖ్య కాదు కదా. అలాగని ఆండ్రాయిడ్ బ్యాకెండ్ భవిష్యత్తు ఖాయమని కూడా అనలేం. ఇవాళ ఉన్న ఉత్సాహం మూడేళ్ల తర్వాత ఉండకపోతే దానికీ ఇదే ముద్ర పడుతుంది.

ఈ మార్పుల వేగం యాప్‌లు రాసేవాళ్లకు ఎలా ఉంటుందో తెలియాలంటే గింప్‌ను చూడాలి. ఫొటోలు దిద్దే ఈ ప్రోగ్రామ్‌ను 1990ల మధ్యలో బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. మొదట వాడిన మోటిఫ్ టూల్‌కిట్ ఉచితం కాదు, తృప్తిగానూ లేదు. అందుకని సొంతంగా ఒకటి రాసుకున్నారు. గింప్ టూల్‌కిట్ అని పేరు పెట్టారు. జీటీకే అంటే అదే. ఆ గింప్, 2011 లో వచ్చిన జీటీకే 3 కు మారి 3.0 గా విడుదలైంది ఎప్పుడో తెలుసా? 2025 మార్చిలో. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన 4.18 వచ్చిన నెలలోనే. అప్పటికి జీటీకే 4 వచ్చి నాలుగేళ్లు దాటింది. ఎవరి కోసం పుట్టిందో ఆ ప్రోగ్రామే టూల్‌కిట్‌ను అందుకోలేకపోయిందంటే, ఆ బృందాన్ని తప్పుపట్టే ముందు ఎంత కొద్దిమంది ఎంత పాత కోడ్‌ను మార్చారో గుర్తుచేసుకోవాలి.

కాబట్టి ఈరోజు ఎక్స్11 మీద ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి డెస్క్‌టాప్ వాడుతున్నవాళ్లు టెన్షన్ పడాల్సిన పని లేదు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఎక్స్ఎఫ్‌సీఈ 4.20 జీటీకే 3 మీదే ఉంది. వేలాండ్‌ను అందులో ప్రయోగంగా మాత్రమే పెట్టారు. 4.18 లో పడిన ముద్ర జీటీకే 4 లోని కోడ్‌కే తప్ప జీటీకే 3 కు తగలదు. పాత ఎక్స్11 యాప్‌లు వేలాండ్ డెస్క్‌టాప్‌లో కూడా ఎక్స్‌వేలాండ్ అనే మధ్య పొర ద్వారా నడుస్తాయి. తొందర పడాల్సింది గ్నోమ్‌ను ఎక్స్11 మీద వాడేవాళ్లే. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన గ్నోమ్ 49 లో ఆ సెషన్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు, ఉబుంటు 25.10 లో అది లేనే లేదు.